పాము ఆకలి - చూపరుల కుతూహలం

నాగుల చవితినాడు తెల్లవారుజామున తలంటి పోసుకొని, పుట్ట దగ్గరకు వెళ్ళి, చిమ్మిలీ చలిమిడీ నివేదించి, చిన్న గిన్నెతో పుట్టలో పాలు పోయడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆ పాలు పాము త్రాగుతుందని చిన్ననాడు మనమందరమూ నమ్మినవారమే. ఆచారాన్ని గురించిన వాదానికి ఇది తావు కాదు. కాని జంతుశాస్త్రం చెప్పే మాట ఒకటున్నది. పాలు పాముకు ఆహారం కాదు. దప్పికగొన్న పాము ఏ ద్రవంలోనైనా మూతి పెడుతుంది. పండుగ రోజులలో పాములను ఆడించేవారు వాటిని చాలా రోజులు నీరు లేకుండా ఎండగట్టి తెస్తారు. అప్పుడవి పాలు త్రాగినట్లు కనబడడానికి కారణం ఆ దప్పికే. ఆ పాలు ఊపిరితిత్తులలోకి పోయి మరణించిన పాములూ ఉన్నవి.

అనగా, పాముకు ఏది కావాలో మనం పామును అడిగి తెలుసుకోలేదు. మన మనస్సులో ఉన్న పాముకు మనకు తోచినది పెట్టినాము. ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. సరిగా దీనికి ఎదురుగా ఉన్న పొరపాటు ఒకటి గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో లండను నగరంలో జరిగినది. అక్కడివారు పాముకు పాలు పోయలేదు. ప్రాణమున్న కుందేలును పెట్టినారు. పాముకు బ్రతికిన ఎర తప్ప మరొకటి సహించదని వారు నమ్మినారు. ఆ నమ్మకం ఎట్లు పుట్టినది, ఎట్లు సడలినది, దాని స్థానంలో ఈనాడు ఏమి వచ్చినది అన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

లండనులోని జంతుశాస్త్ర సంఘం 1826లో స్థాపితమైనది. రీజెంట్స్ పార్కులో ఆ సంఘంవారి తోట 1828లో సభ్యుల కొరకు తెరువబడినది. 1847 నుండి సామాన్య జనానికి ప్రవేశం లభించినది. రెండేండ్ల తరువాత, 1849లో, అక్కడ ఒక సర్పశాల వెలసినది. పాములు మొదలైన సరీసృపాల కొరకే ప్రత్యేకించిన ప్రదర్శనశాల ప్రపంచంలో అదే మొదటిదని చెబుతారు. ఆ సమయానికే అది రావడానికి ఒక కారణం గాజు. బ్రిటనులో గాజుపై ఉన్న సుంకం 1845లో రద్దయినది. పెద్ద పెద్ద పలకల గాజు చౌకయినది. త్రాచుకూ తమకూ మధ్య జానెడు దూరం మాత్రమే ఉన్నా, భయం లేకుండా నిలబడి చూచే సౌకర్యం నగరవాసులకు కలిగినది.

అయితే పాము సహజంగా కదలని జంతువు. ఒక్కసారి తిన్నదంటే వారాల తరబడి చుట్ట చుట్టుకొని పడి ఉంటుంది. రుసుము చెల్లించి వచ్చినవారికి చుట్టచుట్టుకున్న తాడువంటి దానిని చూచి తృప్తి ఏమి కలుగుతుంది? అందుచేత పాములకు ఎర వేసే సమయమే సర్పశాలకు ఆకర్షణ అయినది. కుందేళ్ళు, గినీపందులు, పక్షులు, కప్పలు ప్రాణంతోనే గాజుపెట్టెలలోకి వదలబడేవి. పెద్దలూ పిల్లలూ గుమిగూడి చూచేవారు.

ఇక్కడ ఒక వైచిత్రి గమనింపదగినది. ఎలుగుబంట్లమీదకు కుక్కలను ఉసిగొల్పి వినోదించడం, ఎద్దులను, కోళ్ళను పోరాడించడం బ్రిటిషు పార్లమెంటు 1835లో చట్టంచేత నిషేధించినది. జంతుహింసా నివారణ సంఘం 1824 నుండి అక్కడ పని చేస్తున్నది. 1840లో విక్టోరియా రాణి దానికి ‘రాయల్’ అన్న గౌరవనామం అనుగ్రహించినది. అట్టి దేశంలో, శాస్త్రజ్ఞుల సంఘమే నడిపే తోటలో, ఒక ప్రాణిని మరొక ప్రాణికి ఎరగా వేసి నలుగురికీ చూపడం సబబా అన్న ప్రశ్న రాక మానలేదు. ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో ఆక్షేపణలు బలపడినవి. ఎర వేసే పని క్రమక్రమంగా జనుల కంటికి మరుగైనది.

ఆ వాదంలో ఇరుపక్షాలూ చెప్పిన మాటలను తూకం వేయడం మంచిది. సమర్థించేవారి మొదటి మాట: ఇది ప్రకృతి ధర్మం, అడవిలో పాముకు చచ్చిన ఎరను తెచ్చి పెట్టేవారెవరు? ప్రాణమున్న ఎర పెట్టకపోతే పాము ఉపవాసాలతో చచ్చిపోతుంది. రెండవ మాట: ఎరకు భయమే తెలియదు, కుందేలు పాము పక్కనే కూర్చుండి మూతి తుడుచుకుంటుంది. ఆక్షేపించేవారి మాట: ఆ ప్రాణి పారిపోయే దారి లేని పెట్టెలో బంధింపబడినది, అడవిలో దానికి పరుగెత్తడానికి చోటున్నది, ఇక్కడ లేదు. పైగా ఆ దృశ్యం చూచే పిల్లల మనస్సు మొద్దుబారుతుంది. వీటికి తోడు మరొక పాత నమ్మకం ఉండేది. పాము తన చూపుతోనే ఎరను మంత్రించి కదలకుండా చేస్తుందన్నది ఆ నమ్మకం. కుందేలు నిశ్చలంగా ఉంటే, భయం లేదని ఒకరు, మంత్రబద్ధమైనదని మరొకరు చెప్పుకొనేవారు. నిజానికి ఏమి జరుగుతున్నదో పరీక్షించినవారు చాలకాలం వరకూ లేరు.

పాములను గూర్చి పరీక్ష చేయడం ఇంగ్లీషువారికి కొత్త అని కాదు. దానికి మన విశాఖపట్టణమే సాక్షి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1785లో ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడై, విశాఖపట్టణంలో ఉండి, తీరప్రాంతపు పాములను సేకరించినాడు. కోరమాండల్ తీరపు సర్పాలను గురించిన ఆయన గ్రంథం 1796లో వెలువడినది. పాముల పేర్లను మనవారి నోట విని ఉన్నవి ఉన్నట్లు వ్రాసుకొన్నాడు. రక్తపింజరను ఆయన ‘కాటుక రేకుల పొడ’గా ఎరుగును, ఆ పాముకే తరువాత రస్సెల్ పేరు వచ్చినది. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న ‘బంగారస్’ అన్న పేరు మన తెలుగు ‘బంగారం’ నుండి పోయినదే. ఏ పాము విషం ఎంతటిదో తెలుసుకొనడానికి ఆయన కోళ్ళను, కుక్కలను పాములచేత కరిపించి చూచినాడు. అదీ హింసయే. కాని ఏ పాము కాటు ప్రాణాంతకం, ఏది కాదు అన్న ప్రశ్న దాని వెనుక ఉన్నది. సమాధానం మనుష్యుల ప్రాణాలకు సంబంధించినది. లండను గాజుపెట్టె ముందు నిలిచినవారికి అట్టి ప్రశ్న ఏదీ లేదు.

ఆ గాజు ముందు నిలిచినవారిలో ఒకడు తననే ప్రశ్నించుకొన్నాడు. ఆయన చార్లెస్ డార్విన్. మనుష్యులలోను, జంతువులలోను భావప్రకటనను గూర్చి 1872లో ప్రకటించిన గ్రంథంలో ఆయన ఒక చిన్న అనుభవం చెప్పినాడు. పఫ్ ఆడర్ అనే ఆఫ్రికా విషసర్పం ఉన్న పెట్టె గాజుకు ముఖం ఆనించి, పాము కొట్టినా వెనుకకు జరుగరాదని గట్టిగా నిశ్చయించుకొన్నాడు. పాము కొట్టినది. ఆయన ఆశ్చర్యపడేంత వేగంతో ఒకటి రెండు గజాలు వెనుకకు దూకినాడు. మధ్యన గాజు ఉన్నదని తెలిసిన బుద్ధి ఏమాత్రమూ అక్కరకు రాలేదు. అదే తోటలో కోతుల ఇంటిలోకి ఆయన పొట్టు కూరిన పామును తీసుకొని పోయినప్పుడు కోతులు ఎంత గగ్గోలు పెట్టినవో 1871 నాటి మరొక గ్రంథంలో వర్ణించినాడు. పాము భయం కోతులకూ మనకూ ఉన్నదని స్పష్టమైనది. ఇక మిగిలిన ప్రశ్న: మన ఈ భయాన్ని మనమే కుందేలుకూ అంటగట్టుతున్నామా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారు ఆ తోట అధికారులే. పీటర్ చామర్స్ మిచెల్ 1903లో సంఘ కార్యదర్శి అయినాడు, ఆర్. ఐ. పోకాక్ మరుసటి సంవత్సరం తోటకు సూపరింటెండెంటుగా వచ్చినాడు. వీరిద్దరూ కలిసి, బంధనంలో ఉన్న సరీసృపాల ఆహారాన్ని గూర్చి, ఇతర జంతువులకు పామంటే ఉండే భయాన్ని గూర్చి 1907లో సంఘ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించినారు. ఒక వైపు, చచ్చిన ఎరను పెట్టితే పాములు తింటవా అని చూచినారు. మరొక వైపు, పామును వివిధ జంతువుల దగ్గరకు తీసుకొనిపోయి వాటి ప్రవర్తన పరిశీలించినారు. పాములలో చాలా భాగం అప్పుడే చంపిన ఎరను సంకోచం లేకుండా మ్రింగినవి. కోతులు తప్ప తక్కిన క్షీరదాలలో చాలావాటికి పామును చూచిన భయం ఏమంత కనబడలేదు.

ఈ ఫలితం ఇరుపక్షాలకూ కొంత ఎదురు తిరిగినది. ఎరకు భయం కనబడదన్న సమర్థకుల మాట కొంత నిలబడినది. కాని బ్రతికిన ఎర లేనిదే పాము బ్రతకదన్న వారి అసలు వాదం కూలిపోయినది. ఒక్క మాట ఇక్కడ చేర్చవలసి ఉన్నది. భయం కనబడలేదనుట వేరు, భయం లేదనుట వేరు. ఎలుక వంటి చిన్న జంతువులు భయపడినప్పుడు తరచు పారిపోవు; ఉన్నచోటనే బిగుసుకొని నిశ్చలంగా ఉంటవి. నాటి పరిశీలకులు ఉదాసీనత అనుకొన్న దానిలో కొంత ఇదియే కావచ్చు. కాబట్టి భయం సంగతి ఎట్లున్నా, ఆహారం సంగతి మాత్రం తేలిపోయినది. బ్రతికిన ఎరను పట్టుబట్టి కోరినది పాము కాదు.

పాము ఎరను ఎట్లు గుర్తించుతుందో తెలిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. పాము నాలుక చాచినప్పుడెల్లా గాలిలోని, నేలమీది వాసన రేణువులను తెచ్చి, అంగుటిలో ఉన్న జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. వాసన ఎలుకదైతే పాముకు అది ఎలుకయే. కొండచిలువలలో చాలావాటికి, మరి కొన్ని విషసర్పాలకు ముఖంమీద చిన్న గుంటలున్నవి. వెచ్చని ఒంటినుండి వచ్చే వేడిని అవి పసికట్టుతవి. వాసన, వెచ్చదనం, కొంచెం కదలిక - ఈ మూడూ ఉంటే చాలు. అందులో ప్రాణం ఉన్నదా లేదా అన్న విచారణ పాముకు తరువాతి సంగతి.

ఆ తరువాతి సంగతిని కూడ ఈ కాలపు శాస్త్రజ్ఞులు పరీక్షించినారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో డికిన్సన్ కళాశాలకు చెందిన స్కాట్ బోబాక్, ఆయన సహచరులు 2012లో ఒక విచిత్రమైన ప్రయోగం ప్రకటించినారు. చచ్చిన ఎలుకలను వెచ్చబెట్టి, వాటి లోపల కృత్రిమమైన గుండెను అమర్చి, బోవా అనే చుట్టుపాములకు అందించినారు. కృత్రిమ గుండె కొట్టుకొంటున్నంత సేపు పాము ఎక్కువ బలంతో, ఎక్కువ కాలం బిగించినది. గుండె ఆగినప్పుడు పట్టు సడలించినది. పుట్టినది మొదలు బ్రతికిన ఎరను ఎరుగని పాములు సైతం ఆ నాడిని గుర్తించినవి. గుండె కొట్టుకోని ఎలుకను మాత్రం పాము విడిచిపెట్టలేదు. కొద్దిసేపు బిగించి, మ్రింగివేసినది. పాము ఎరను చంపడానికి కావలసిన శ్రమను కొలుచుకొంటున్నదే తప్ప, చంపుటకోసం చంపుట లేదు. పని లేకపోతే ఆ శ్రమ మానుకొని భోజనానికి కూర్చుంటుంది.

ఇట్లు చచ్చిన ఎరతో పాము సాకబడుతుందని 1907 నాటికే తెలిసినా, ఇంటింట పాములను పెంచేవారికి అది ఆచరణలో సులభమైనది ఇంకా చాలకాలానికి. దానికి రెండు వస్తువులు కావలసి వచ్చినవి: చౌకగా దొరికే ఎలుక, దానిని చెడకుండా నిలువచేసే చలిపెట్టె. వన్నె వన్నెల చిట్టెలుకలను ముచ్చటకు పెంచి పోటీలకు పెట్టే వేడుక ఇంగ్లండులో ఉండేది. అక్కడి జాతీయ చిట్టెలుకల సంఘం 1895లో ఏర్పడినది. ఆ పెంపకపు నేర్పు తరువాత ప్రయోగశాలలకు పోయినది. అక్కడినుండి పాముల ఎరగా అమ్మే వ్యాపారానికి వచ్చినది. ఆహారాన్ని వేగంగా గడ్డకట్టించే పద్ధతిని అమెరికాలో క్లారెన్స్ బర్డ్స్ఐ 1920ల దశకంలో వ్యాపారస్థాయికి తెచ్చినాడు. ఇళ్ళలోకి ఫ్రీజర్లు వచ్చినవి. ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగంలో అమెరికా, బ్రిటను దేశాలలో పెంపుడు పాముల మోజు పెరిగినప్పుడు, గడ్డకట్టించిన ఎలుకలు పరిమాణాలవారీగా పొట్లాలలో అమ్మకానికి వచ్చినవి. వాటిని నెమ్మదిగా కరగనిచ్చి, గోరువెచ్చని నీటితో ఒంటి వేడికి తెచ్చి, పటకారుతో పాము ముందు ఆడించడం నేడు అక్కడ సామాన్యమైన పద్ధతి.

ఈ పద్ధతి వల్ల పాముకు కలిగిన లాభం తక్కువది కాదు. ఎలుక నిస్సహాయమైన జంతువని మనం అనుకొంటాము. ఆకలి లేని పాము పెట్టెలో రాత్రంతా ఎలుకను వదలిపెట్టితే, తెల్లవారేసరికి పాము వీపు ఎముకలదాకా కొరుకబడి ఉన్న సందర్భాలు పశువైద్యులు ఎరిగినవే. చలిలో గడ్డకట్టించడం వల్ల ఎరలోని పరాన్నజీవులు కొన్ని నశిస్తవి కూడ. అయితే చలి అన్నిటికీ మందు కాదు. సాల్మొనెల్లా సూక్ష్మజీవి గడ్డకట్టినా చావదు. గడ్డకట్టించిన ఎర ఎలుకలను ముట్టిన ఇళ్ళలో 2008 తరువాత బ్రిటనులోను, 2010 నాటికి అమెరికాలోను ఆ వ్యాధి ప్రబలినది. రోగులలో చిన్నపిల్లలు చాలామంది. మనం అన్నం పెట్టుకొనే రిఫ్రిజిరేటరులో, వంటింటి గిన్నెలలో ఆ పొట్లాలకు చోటు లేదన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం.

మరి ఎలుకకు కలిగిన లాభమేమి? చిక్కు ప్రశ్న ఇదియే. ఫ్రీజరులోని ఎలుక తనంతట తాను చావలేదు. ఎక్కడో ఒకచోట పెంచబడి, ఒకచోట చంపబడినది. సాధారణంగా బొగ్గుపులుసు వాయువుతో చంపుతారు. వాయువును ఏ వేగంతో వదలాలి, అది ఎంత బాధ కలిగిస్తుంది అన్న విషయమై పశువైద్యులలో నేటికీ చర్చ ఉన్నది. అప్పుడే పుట్టిన పిల్లలు ఆ వాయువుకు పెద్దవాటికంటె చాలాసేపు తట్టుకొంటవి. మరొక వైపు, బోబాక్ బృందమే 2015లో, మత్తులో ఉంచిన ఎలుకలపై కొలతలు తీసి, బోవా పట్టులో కొన్ని సెకండ్లలోనే రక్తప్రసరణ స్తంభించిపోతుందని చూపినది. ఊపిరాడక నెమ్మదిగా చస్తుందన్న పాత ఊహ తప్పినది. నేర్పుగల పాము పట్టులో చావు, నేర్పులేని మనిషి చేతిలో చావుకంటె త్వరితమైనదే కావచ్చు. అయినా ఏ పాము ఏనాడు సరిగా పట్టుతుందో, ఎంతసేపు ఎలుక మూలన నక్కి ఉండవలసి వస్తుందో ముందు చెప్పలేము. మనిషి తన పనిని బాగుచేసుకోగలడు. పాముకు మనం నేర్పలేము. చంపే బాధ్యత మనిషి తీసుకొన్నప్పుడే దానిని తగ్గించే బాధ్యతా అతనికి వస్తుంది. ఎలుక కనుమరుగైనంత మాత్రాన లెక్క తీరిపోదు. అది పెరిగిన పెట్టె ఎంతటిదన్నదీ ఆ లెక్కలోదే.

అరుదుగా, చచ్చిన ఎరను ముట్టని పాములూ ఉంటవి. అడవినుండి పట్టి తెచ్చినవాటిలో ఇవి ఎక్కువ. వాసన మార్చి, వేడి పెంచి, అప్పుడే చంపిన ఎరను చూపి, ఓర్పుతో అలవాటు చేస్తే వీటిలోనూ చాలా భాగం దారికి వస్తవి. ఏ ఉపాయమూ సాగక, పాము క్షీణించిపోతున్నప్పుడు బ్రతికిన ఎరను పెట్టవలసి రావచ్చు. అట్టివేళ పెంచేవాడు ప్రక్కనే ఉండి కనిపెట్టుతాడు. ఆ తప్పనిసరికీ, లండనులో జనం గుమిగూడి చూచిన వేడుకకూ మధ్య ఉన్న భేదం చిన్నది కాదు.

ఆ భేదాన్ని మన దేశపు చట్టం స్పష్టంగా పట్టుకొన్నది. జంతుహింసను నివారించే బిల్లును రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ ప్రవేశపెట్టి చేసిన కృషికి ఫలితంగా 1960లో పార్లమెంటు చట్టం చేసినది. దానికి 1982లో జరిగిన సవరణ ప్రకారం, కేవలం వినోదం కల్పించే ఉద్దేశంతో ఒక జంతువును బంధించి మరొక జంతువుకు ఎర అయ్యేటట్లు చేయడం నేరం. అభయారణ్యంలో పెద్దపులికి ఎరగా జంతువును కట్టివేయడం కూడ అందులో చేరినది. అక్కడి ‘కేవలం వినోదం కల్పించే ఉద్దేశంతో’ అన్న మాటలు గమనింపవలసినవి. ఒక ప్రాణి మరొక ప్రాణిని తినడాన్ని చట్టం నేరమనలేదు. ఆ భోజనం ఎవరికోసం ఏర్పాటయినదని అడిగినది. ఇక మన అడవులలోని పాములను ఇంట పెంచుకొనడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. త్రాచుకూ జెర్రిపోతుకూ ఎర వెదకి పెట్టే పని మన ఇళ్ళకు లేదు. మన పొలాలలో ఎలుకలను అవే వెదకుకొంటవి.

లండను సర్పశాల కథను వెనుదిరిగి చూస్తే తోచేది ఇది. గాజుకు ఒక వైపు ఆకలి ఉన్నది. మరొక వైపు కుతూహలం ఉన్నది. చాలకాలం వరకు రెండవదానిని మొదటిదిగా పొరబడినారు. జనాన్ని పంపివేసి తలుపు మూసి, చచ్చిన ఎరను పెట్టి చూచిన తరువాత గాని, పాము దానితో తృప్తిపడుతుందని తెలియలేదు. మన పుట్టలో పోసే పాల సంగతి కూడ అట్టిదే. పుట్టకు మ్రొక్కడం మన భక్తికి సంబంధించినది. పాముకు ఆకలి వేస్తే ఏమి తినవలెనో అది పాముకు తెలుసు. వచ్చే చవితినాడు బుట్టలో పామును పెట్టుకొని వాకిట నిలిచి పాలడిగే మనిషికి ఆ రోజు బియ్యం పెట్టి, పామును ఆడించవద్దని చెప్పి పంపగలిగితే, పాముకూ మేలు, మనకూ పుణ్యం.